నాలుగో ట్యాపు

ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేయడంలో ఆమెకు ఇరవై ఏళ్ల అనుభవం. వీధిలో అందరికీ ఆమె ఫ్రిజ్జక్క. శనివారం సాయంత్రం షాపు షట్టర్ దించి, చేతుల గ్రీజు కడుక్కుని ఒక్క బీరు తాగుతుంది. బీరు గురించి అంతకు మించి ఆమెకు అభిప్రాయాలేమీ లేవు.

అభిప్రాయాలన్నీ ఆమె చెల్లెలి మొగుడి దగ్గరున్నాయి. అతను ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. రెండేళ్ల కిందటి వరకూ సోడా తాగినా ముక్కు మండుతోందనేవాడు. సొంతంగా బీరు కాచి అమ్మే చోటొకటి దగ్గర్లో తెరిచాక మనిషే మారిపోయాడు. జేబులో చిన్న నోటుబుక్కు, అందులో తాగిన ప్రతి బీరుకీ పదికిన్ని అని మార్కులు. గ్లాసు దీపానికెత్తి చూసి, గిరగిర తిప్పి, ముక్కు లోపలికి దూర్చి కళ్లు మూసుకుంటాడు. కొత్తవాళ్లెవరైనా చూస్తే మూర్ఛ వస్తోందనుకుని తాళాలగుత్తి చేతిలో పెడతారు.

"వదినా, ఆకురాలే కాలం బీరు దించారు. మూడు వారాలే ఉంటుంది. నువ్వు రావాల్సిందే," అన్నాడు ఓ శనివారం.

"బీరుకి కాలమేంటి మరిదీ? అదేమన్నా చెట్టుకి కాస్తుందా?"

"చెబితే అర్థం కాదు. వచ్చి తాగు."

వెనక నుంచి చెల్లెలు రమ్మన్నట్టు కళ్లతోనే బతిమాలింది. సరేనని వెళ్లింది.

సున్నం వేయని ఇటుక గోడలు, కాళ్లు నేలకందని స్టూళ్లు, గోడకి వరసగా ఆరు ట్యాపులు. యజమాని కమ్మరిలా తోలు ఏప్రన్ కట్టుకున్నాడు, చేతులు మాత్రం దూదిలా ఉన్నాయి. అతన్ని అక్కడందరూ గడ్డం గురువు అంటారు. నాలుగో ట్యాపు పైన పలక మీద సుద్దతో రాసుంది: "ఎండుటాకులు, తడిసిన చెక్క, దూరాన వాన."

"దూరాన ఉన్న వానని ఎవరు నాకి చూశారు?" అంది ఫ్రిజ్జక్క.

మరిది వినిపించుకోలేదు. ఆమె ఒక గుక్క తాగింది. పులుపు. ఆ వెనకే ఆమెకు బాగా తెలిసిన వాసన, ఏళ్ల తరబడి కడగని ఫ్రిజ్ అడుగు ట్రేలో వచ్చేది.

"మరిదీ, పైపు కడగలేదిది."

మరిది కంగారుగా అటూ ఇటూ చూశాడు. "నెమ్మది వదినా! అది దీని గుణం. తొమ్మిదిన్నర ఇచ్చాను."

"కొత్తవాళ్లకి అలాగే ఉంటుంది లెండి," అన్నాడు పక్కబల్ల పెద్దమనిషి జాలిగా.

ఆ జాలి చూసి మరిదికి హుషారొచ్చింది. "గాడిదకేం తెలుసు గంధపు వాసన!" అని నవ్వాడు. చెల్లెలి ముఖం చిన్నబోయింది. నోట్లో ఉన్నది మింగలేక కక్కలేక అలాగే కూర్చుంది. ఫ్రిజ్జక్క సగం గ్లాసు వదిలేసి వచ్చేసింది.

బుధవారం పొద్దున గడ్డం గురువే ఫోన్ చేశాడు, కూలర్ చల్లబడటం లేదని. వెళ్లి కొత్త ఫ్యాను వేసింది. బీరు పైపులు ఆ కూలర్‌లోంచే పోతాయి. చెయ్యి ఊరుకోక నాలుగో ట్యాపు విప్పింది. లోపల నల్లటి పాచి, జిగురు జిగురుగా. తెల్ల గుడ్డతో తుడిచి అతని ముందు పరిచింది.

"ఎన్నాళ్లయింది కడిగి?"

"మిగతావి వారం వారం కడుగుతామండీ. ఇదొక్కటి మొన్న వేసవిలో మర్చిపోయాం. ఆ నెల ఇదే ఎక్కువ అమ్ముడైంది, అప్పట్నుంచి కడగలేదు. దీని జోలికి వెళ్లకండి."

"పీపాలో ఉన్నదేంటి?"

గురువు గడ్డం నిమురుకున్నాడు. "మొదటి ట్యాపులో వచ్చేదేనండీ. దీనికి కాలానికో పేరు రాస్తాం, అంతే."

శనివారాలు మొగుడితో వచ్చి ఈ ట్యాపుదే తాగే చెల్లెలికి మూడు నెలలుగా ప్రతి ఆదివారం కడుపులో తిప్పుతోంది. డాక్టరు దగ్గరికి రెండుసార్లు తనే తీసుకెళ్లింది. ఫ్రిజ్జక్కకు ఒళ్లు మండిపోయింది.

"ఆరూ కడుగుతాను. కాదంటే నా ఫ్యాను విప్పుకుని పోతాను. ఈ పాచినీళ్లు నా చేత్తో చల్లబరిచి జనానికి పొయ్యను."

గురువు తలొంచాడు. పాచి వదిలించే మందు వేసి, బ్రష్ దూర్చి, మూడు బక్కెట్ల నీళ్లు తోలితే గానీ ఆ పైపు తేటపడలేదు.

ఆ శనివారం పిలవకుండానే వెళ్లింది. మరిది గ్లాసులో ముక్కు పెట్టి, ఠక్కున కళ్లు తెరిచాడు.

"పోయింది వదినా! పోయినవారం ఉన్న లోతేదీ?"

"బక్కెట్లో పోశాను," అని, మొదటి ట్యాపు సంగతితో సహా అంతా చెప్పింది. పక్కబల్ల పెద్దమనిషి తన గ్లాసును మెల్లగా అవతలికి జరిపాడు.

మరిది గ్లాసు మళ్లీ దీపానికెత్తి చూశాడు. చివరికి, "నీకు పైపులు తెలుసు, కాదనను. రుచి వేరే విద్య," అని నోటుబుక్కులో నాలుగు మార్కులు వేశాడు.

ఈలోగా చెల్లెలు గ్లాసు ఖాళీ చేసేసింది. "అక్కా, ఇది బాగుందే. ఇంకోటి చెప్పవే."

"ఇన్నాళ్లూ బాగుందనేదానివిగా?" అన్నాడు మొగుడు.

"బాగుంది కదూ, బాగుంది కదూ అని మీరే అంటుంటే ఊ కొట్టాను. ఎలా ఉందని ఎప్పుడడిగారు?"

గడ్డం గురువు మళ్లీ ఫ్రిజ్జక్కను పనికి పిలవలేదు. చలి మొదలయ్యేసరికి నాలుగో ట్యాపు మళ్లీ పులిసింది, పలక మీద కొత్త పేరు పడింది. మరిది దానికి పదికి పది ఇచ్చాడు. చెల్లెలు మాత్రం ఇప్పుడు శనివారాలు అక్క షాపుకే వస్తోంది.

"ఆఫీసులో ఆయన మాట ఎవరూ వినరే, పాపం," అంది ఒకరోజు సీసా మూత తీస్తూ. "అక్కడైతే నలుగురు వింటారు."

"పాచి తాగితే గానీ వినిపించని మాట ఏం మాటే!" అంది అక్క.

చెల్లెలికి నవ్వాగలేదు. నవ్వి, మొగుడి మీద నవ్వినందుకు కాస్త సిగ్గుపడి, మళ్లీ నవ్వింది.