సెలవుకో చావు

నందిగామలోని మా మిర్చి కోల్డ్ స్టోరేజిలో ఎవరికి సెలవు కావాలన్నా ముందు నాకే ఫోను చెయ్యాలి. ఇన్నేళ్ళ సర్వీసులో నేను వినని సాకు లేదు. గేదె గుమ్మానికి అడ్డంగా పడుకుంది, లేవట్లేదన్నవాడున్నాడు. ఉన్న చొక్కాలన్నీ ఇస్త్రీకిచ్చానన్నవాడున్నాడు. వాళ్ళందరూ ఒక ఎత్తు, కల్యాణ్ ఒక్కడూ ఒక ఎత్తు. వాడికి క్రికెట్ పిచ్చి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో టెన్నిస్ బాల్ టోర్నమెంటు పెట్టినా ఆ పూట వాడి చుట్టాల్లో ఒకరు పోవాల్సిందే. వాళ్ళ అమ్మమ్మ రెండుసార్లు పోయింది. అదేంట్రా అని నిలదీస్తే, "మొన్న పోయింది చిన్నమ్మమ్మండి" అన్నాడు, తడుముకోకుండా.

పోయినవాళ్ళంతా ఖమ్మం అవతలి వాళ్ళు కాబట్టి మాకు పరామర్శ తప్పేది. మా ఓనరు భవానీప్రసాద్ గారికి అదొక పట్టింపు. స్టాఫ్ ఇంట్లో పెళ్ళి మానేస్తారేమో గానీ, చావుకి మాత్రం దండ పట్టుకుని స్వయంగా వెళ్తారు. మా వైపు అంతే మరి. పెళ్ళికి రాలేదంటే నాలుగు రోజుల్లో మర్చిపోతారు, చావుకి రాలేదంటే జన్మంతా దెప్పుతారు.

ఆ రోజు పొద్దున్నే కల్యాణ్ మెసేజ్ పెట్టాడు. వాళ్ళ పెద్దనాన్న పూర్ణచంద్రరావు గారు పోయారట. నాకు ఒళ్ళు మండింది. తండ్రి పోతే వీణ్ణి చిన్నప్పట్నుంచీ పెంచింది ఆ పెద్దనాన్న, పెద్దమ్మే. ఉండేది కూడా జగ్గయ్యపేటలో వాళ్ళింట్లోనే. మిగతా చుట్టాలందరూ అయిపోయారు, ఇక ఈయనొక్కడే మిగిలాడు కాబోలు అనుకున్నాను.

"అబద్ధమండీ, నమ్మకండి" అన్నాను ఓనరు గారితో.

"ఊరుకో ప్రమీలా. పెంచినవాడి చావు మీద ఎవడైనా అబద్ధమాడతాడా? పద" అన్నారాయన. దారిలో ఇంతలావు బంతిపూల దండ కొన్నారు.

జగ్గయ్యపేటలో ఆ ఇంటి ముందు టెంటు లేదు, జనం లేరు. లోపల్నించి గోంగూర తాలింపు వాసన వస్తోంది. నాకు అప్పుడే అర్థమైంది. ఓనరు గారి మోచెయ్యి పట్టుకుని లాగాను. ఆయన చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయారు. గరిటె చేత్తో పట్టుకుని కల్యాణ్ పెద్దమ్మ దుర్గాంబ గారు ఎదురొచ్చింది. నుదుటిమీద ఇంత బొట్టు.

"ధైర్యంగా ఉండాలమ్మా. పూర్ణచంద్రరావు గారు పోయారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు" అన్నారు మా ఓనరు గారు, దండ రెండు చేతులా పట్టుకుని.

గరిటె కింద పడింది. "ఆయన లారీ వేసుకుని ముక్త్యాల వెళ్ళారండీ, సిమెంటు లోడుకి. ఏమైందండీ ఆయనకి?"

నేను ముందుకెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఏం కాలేదు పిన్నిగారూ, కంగారు పడకండి. కల్యాణ్ ఏదో చెప్పాడు, అంతే."

"వాడు చెప్పాడా?" అంది. "అయితే నిజమేనమ్మా. లారీకేదో అయ్యుంటుంది. వాడికి ఫోనొచ్చి ఉంటుంది. నాతో చెప్పలేక మీతో చెప్పుకున్నాడు నా బిడ్డ."

వాడు సెలవు కోసం ఎవర్నైనా చంపుతాడని ఆ తల్లితో ఎలా చెప్పను? అయినా చెప్పాను. ఆమె చెవికెక్కలేదు. ఆయనకి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తట్లేదు. కల్యాణ్‌కి చేస్తే వాడూ ఎత్తట్లేదు. ఆమె గోడవారగా కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు వచ్చారు. చూస్తూ చూస్తూ నాకూ భయం పట్టుకుంది. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో నాకు తెలుసు.

గరికపాడు టోర్నమెంటు నుంచి కల్యాణ్ అన్నానికి అప్పుడే వచ్చాడు, భుజాన బ్యాటుతో. గుమ్మం ముందు చెప్పులు చూశాడు. కుర్చీలో దండ చూశాడు. పెద్దమ్మ వాణ్ణి చూడగానే, "మీ పెద్దనాన్న మనల్ని వదిలేసి పోయాడురా" అని గొల్లుమంది.

వాడి భుజం మీంచి బ్యాటు జారిపోయింది. వాడలాగే వాకిట్లో కూర్చుండిపోయాడు. "నేనే అన్నా పెద్దమ్మా. మ్యాచ్ కోసం పొద్దున నా నోటితో నేనే అన్నా. తథాస్తు దేవతలు విన్నారు" అని రెండు చేతులతో నోటిమీద కొట్టుకున్నాడు.

అబద్ధమాడినవాడే దాన్ని నమ్మేస్తే ఇంక ఎవరికి ఏం చెప్పాలి? వాడి మీద కోపమంతా నాకు ఎటో పోయింది. ఆయన వస్తే చాలు దేవుడా అనుకున్నాను.

కాసేపటికి సందు చివర లారీ హారన్ మోగింది. పూర్ణచంద్రరావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చారు. "లోడింగు దగ్గర ఫోను కేబిన్లో వదిలేసి దిగా. ఇన్నిసార్లు చేశారేంటి? ఎవరు పోయార్రా?"

ఆయన దండ వంక చూశారు, వాకిట్లో కూర్చున్న కల్యాణ్ వంక చూశారు. అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "పోనీలేవే, పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు" అని భార్యతో నవ్వబోయారు.

ఆమె నవ్వలేదు. లేచి ఆయన భుజం, చెయ్యి తడిమి చూసుకుంది. లోపలికెళ్ళి మొహం కడుక్కుని, చెదిరిన బొట్టు మళ్ళీ పెట్టుకుని వచ్చింది. కల్యాణ్‌ని రెక్క పట్టుకుని లేపింది. కొడుతుందనుకున్నాను.

"ఈసారి సెలవు కావాలంటే నన్ను చంపుకోరా" అంది. "ఆయన జోలికి మాత్రం పోకు."

వాడు ఆమె కాళ్ళు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మేం దండ కార్లో పెట్టుకుని తిరిగొచ్చేశాం.

మిర్చి సీజను అయ్యాక ఒక పొద్దున ఫోను మోగింది. "మేడమ్, ఇవాళ రానండి" అన్నాడు కల్యాణ్.

"ఎవరు పోయారు?" అన్నాను అలవాటుకొద్దీ.

ఫోన్లో వెనకనుంచి టిఫిను చల్లారిపోతోందిరా అని దుర్గాంబ గారు కేకేయడం వినిపించింది.

"ఎవరూ పోలేదండి. మా ఇంట్లో అందరూ బాగున్నారు. మ్యాచ్ ఉంది, అంతే."

అంత చేతకాని సాకు నా సర్వీసులో వినలేదు. సెలవిచ్చాను.