గొంతుకి అడ్డం కూర్చున్నది

సినిమాల్లో ఆడవాళ్ళు ఏడుస్తారు చూడండి, అందులో సగం ఏడుపు నాది. తెరమీద పెదవులు వాళ్ళవి, గొంతు నాది. డబ్బింగు థియేటర్లో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను 'ఏడుపక్క'నే. కోపం, వెటకారం కూడా పలకగలనని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, వినేవాడు లేడు.

అలాంటిది, మా అమ్మ పోయాక నాకు ఏడుపు రావడం మానేసింది. మాటలు బాగానే వచ్చేవి, ఏడుపు దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేసేది. గొంతు డాక్టరు లైటు వేసి చూసి అంతా శుభ్రంగా ఉందన్నాడు. డైరెక్టరు గురువారం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత కొత్తమ్మాయి వస్తుంది. తను ఒకసారి వచ్చిందంటే నేనిక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

చివరికి మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"కళ్ళు మూసుకుని, గొంతుకి అడ్డం పడుతున్నదెవరో చూడండి. ఎవరు కనిపిస్తే వాళ్ళతో మాట్లాడండి. వాళ్ళు చెప్పేది వినండి. అలాగని తల ఊపేయకండి, మీ మాటా చెప్పండి" అంది.

ఊహించుకోవడమే కదా, ఇదెంత పని అనుకున్నాను.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. నిజంగానే ఒకావిడ కనిపించింది. నా వయసుదే. ముడి ఊడిపోయి, నా గొంతు గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఎవరమ్మా నువ్వు?" అన్నాను. "నేను నీ దుఃఖాన్ని తల్లీ" అంది వణుకుతున్న గొంతుతో. అబ్బ, ఎంత బాగా అంది అనుకున్నాను. అప్పుడు చూశాను, దాని పెదవులు కదలడం లేదు. ఆ డైలాగు నేనే చెప్పేశాను! నోరు కనబడితే చాలు, దానికో మాట అతికించేస్తాను. అలవాటు మరి.

మర్నాడూ అదే వరస. ముసలి గొంతు పెట్టాను, పసి గొంతు పెట్టాను. అది నావైపు చూసి ఆవులించింది. నాకు ఒళ్ళు మండింది. "పో, నువ్వే చెప్పు, నేను నోరెత్తను" అని పళ్ళు బిగించి కూర్చున్నాను. నోరు మూసుకోవడం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది.

చాలాసేపటికి దాని పెదవులు కదిలాయి. బొంగురు గొంతు, నేనెప్పుడూ ఏ సినిమాకీ పెట్టనిది.

"ఏడవనివ్వను" అంది.

"నా గొంతు నీ అబ్బ సొత్తా? ఆ ఏడుపుతోనే నా పొయ్యి వెలుగుతోంది."

"అమ్మ పోయిన రోజు ఏడవబోయావు. పిన్ని ఏమంది?"

'దానికేం, ఏడవడం దాని ఉద్యోగమేగా' అంది పిన్ని, నలుగురిలో. నేను టక్కున నోరు మూసుకున్నాను.

"ఆ రోజు నువ్వు మింగిన ఏడుపంతా నేను మోస్తున్నా. అది దించేదాకా ఊళ్ళోవాళ్ళ ఏడుపు ఇటు పోనివ్వను."

తల ఊపబోయి ఆగాను. "సరే, దించుతా. ఆ తర్వాత మాత్రం దారి వదలాలి. నా పని నాకిష్టం, మానిపించే హక్కు నీకు లేదు."

అది నన్ను ఎగాదిగా చూసింది. "ముందు దించు, చూద్దాం" అంది.

గురువారం వచ్చింది. తెరమీద హీరోయిన్ మొగుడి కాళ్ళమీద పడుతోంది. మైకు ముందు నోరు తెరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మా" అని అరిచాను. ముక్కు కారింది, ఊపిరి అందలేదు, సీను అయిపోయినా నేను ఆగలేదు.

డైరెక్టరు అద్దాల గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏడుపక్కా, చంపేశావ్! ఇలాంటిది నేను జన్మలో వినలేదు. పెదవులు కలవకపోయినా పర్లేదు, ఆ 'అమ్మా' కోసేసి మిగతాది ఉంచేద్దాం."

"ఉంచొద్దు. తుడిచెయ్యండి."

"పిచ్చెక్కిందా?"

"అది మా అమ్మది. మీ హీరోయిన్‌కి వేరేది ఏడుస్తాను, ఇప్పుడే."

"నాకు అదే కావాలి. కాదంటే కొత్తమ్మాయిని పిలుస్తా."

అబద్ధమెందుకు, భయమేసింది. అయినా మైకుని చేత్తో మూసి నిలబడ్డాను.

"పిలుచుకోండి. ఆ పిల్లకి కూడా చెప్తాను, ఏది అమ్మాలో ఏది అమ్మకూడదో. ముందు తుడవండి, తుడిచారని నా చెవులతో వినాలి."

ఆయన తిట్టాడు, గడియారం చూసుకున్నాడు, మళ్ళీ తిట్టాడు. చివరికి సౌండు ఇంజినీరుకి సైగ చేశాడు. అతను తుడిచేసి మళ్ళీ వేసి చూపించాడు, స్పీకర్లో ఏమీ వినిపించలేదు. అప్పుడు మైకు వదిలాను.

హీరోయిన్ మళ్ళీ మొగుడి కాళ్ళమీద పడింది. నేను ఏడ్చాను, ఆమె పెదవులకి అతికినట్టు, నా కన్నీళ్ళు ఒక్క చుక్క కూడా ఖర్చు కాకుండా.