ప్లాస్మా టీవీ, కొతాత్సు, ఒక ఈగ

ఒసాకాలో టీవీ కొనడం గొప్ప కాదు, దాన్ని వదిలించుకోవడం గొప్ప. పాత టీవీని వీధిలో పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎదురు డబ్బు కట్టి, చీటీ అంటించి, బండివాడికి దణ్ణం పెట్టి మరీ సాగనంపాలి. అందుకే షిగెహారు పనిచేసే గిడ్డంగిలో ఒకాయన ఇల్లు మారుతూ, "పెద్ద ప్లాస్మా టీవీ, బంగారంలా ఉంది, ఊరికే పట్టుకుపో" అనగానే షిగెహారు ఎగిరి గంతేశాడు. ఎవరు ఎవరికి ఉపకారం చేస్తున్నారో ఆ క్షణాన అతనికి తట్టలేదు. అది సెప్టెంబరు నెల. ఆ నెల సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

అతనికి ఆ టీవీ సరదాకి కాదు. కిందటేడు డిసెంబరు ఆఖరి రోజున పాటల కార్యక్రమం చూడ్డానికి భార్య తోకికో అన్నగారు నొబుయుకి, ఆయన భార్య సచియె ఇంటికొచ్చారు. నొబుయుకి ఇంట్లోని చిన్న టీవీ ముందు నడుం వంచి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, "తోకీ, అక్కడ పాడుతున్నది మనిషా, ఈగా?" అన్నాడు. అందరూ నవ్వారు. తోకికో కూడా నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపటికి గాని రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ ఎర్రకళ్లు షిగెహారును ఏడాదంతా పీక్కుతిన్నాయి. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇది కావాలని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి పుట్టింటివాళ్ల ముందు తల దించుకుని వంటింట్లో కూర్చుని ఏడవాలా? మరి తను మొగుడై ఉండి ఏం లాభం? "ఈ ఏడూ మా ఇంటికే రండి బావగారూ" అని ముందుగానే పిలిచేశాడు.

పిలవడానికేం, నోరుంటే చాలు. జీతం మొత్తం తోకికో చేతిలోకి పోతుంది, ఆమె విదిల్చే చేతిఖర్చులోంచే ఈ యజ్ఞమంతా జరగాలి. షిగెహారు డబ్బా కాఫీ మానేశాడు. తోటివాళ్లు బీరుకి పిలిస్తే కడుపులో బాగాలేదన్నాడు. పాత సామాన్ల కొట్టులో, పనిచేస్తుందో లేదో మాకు తెలీదని రాసిపెట్టిన మూలన రోజూ చతికిలబడి వెతికి, ఒక ఆంప్లిఫయరూ, గుడ్డ చిరిగిన రెండు స్పీకర్లూ పట్టుకొచ్చాడు. చిరుగులకు తోకికో పాత మేజోళ్లు కత్తిరించి అతికించాడు. అడక్కుండానే కత్తిరించాడు లెండి.

అక్టోబరులో ఒక ఆదివారం, కిటికీలు బార్లా తీసి, అన్నీ బిగించి మీట నొక్కాడు. అల్మారాలో టీ కప్పులు గలగలలాడాయి.

"ఎలా ఉంది?" అన్నాడు చేతులు కట్టుకుని.

"పెద్దగా ఉంది," అంది తోకికో.

"అంతేనా?"

"దగ్గరికెళ్తే వేడిగా కూడా ఉందండీ, పొయ్యిలా. మరి మనింటి కరెంటు..."

"అబ్బ, ఆ సంగతులన్నీ నీకెందుకు? నేను చూసుకుంటాగా."

తోకికో అల్మారాలో కప్పులు సర్దింది. పాత చిన్న టీవీని పారెయ్యాలంటే మళ్లీ ఖర్చు కాబట్టి దాన్ని పరుపుల అల్మారాలో కుక్కారు.

డిసెంబరు ఆఖరి రోజు రానే వచ్చింది. బయట చలి ఎముకలు కొరుకుతోంది. నొబుయుకి లోపలికొచ్చి, గోడంత టీవీని చూసి, బూట్లు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఆగిపోయాడు.

"బావా, ఇది... నీదేనా?"

"ఏదో, చిన్నది," అన్నాడు షిగెహారు. ఆ ఒక్క మాట కోసం అతను మూడు నెలలు కాఫీ మానేశాడు!

అందరూ కొతాత్సు చుట్టూ చేరి, దాని దుప్పటి ఒళ్లోకి లాక్కుని, అడుగున హీటరు బిగించిన ఆ పొట్టి బల్ల కిందికి కాళ్లు చాపారు. పాటగాళ్లు వరసగా వేదికెక్కుతున్నారు. షిగెహారు హుందాగా కొతాత్సు మీట నొక్కాడు.

టప్‌మంది. ఇల్లంతా చీకటి.

పాతకాలపు అపార్ట్‌మెంటు అది. ఇంటికి రాయించుకున్న కరెంటు బొటాబొటి, అంతకు మించి లాగితే గోడ మీది మెయిన్ పడిపోతుంది. ఇప్పుడర్థమైంది కదా, సెప్టెంబరుతో పనేమిటో? టీవీ తెచ్చినప్పుడు గానీ, అక్టోబరులో పరీక్ష చేసినప్పుడు గానీ మహానుభావుడికి చలికాలమనేది ఒకటి వస్తుందని గుర్తే రాలేదు. స్టూలెక్కి మెయిన్ ఎత్తాడు. మళ్లీ పడింది. నీళ్లు కాగే కెటిలు తీసేశాడు. మళ్లీ పడింది. మూలనున్న హీటరు పీకాడు. ఊహూఁ. చివరికి కొతాత్సు కూడా ఆపేస్తే టీవీ నిలబడింది.

ఇక చూడండి వైభవం! నలుగురూ కోట్లు తొడుక్కుని, మఫ్లర్లు చుట్టుకుని, చల్లటి బల్ల ముందు బిగుసుకుని కూర్చున్నారు. గిన్నెల్లో సోబా నూడుల్స్ చల్లారిపోయాయి.

"బొమ్మ అద్భుతం బావా," అన్నాడు నొబుయుకి పళ్లు టకటకలాడిస్తూ. "నా నోటి ఆవిరే కాస్త అడ్డొస్తోంది."

షిగెహారుకు తల కొట్టేసినట్టయింది. తోకికో వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. ఆమె మాత్రం లేచి, అల్మారాలోంచి చిన్న టీవీ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దది ఆపి, కొతాత్సు వేసింది. అందరి కాళ్లకూ ప్రాణం లేచొచ్చింది. సచియె కోటు విప్పి, "అమ్మయ్య, బతికాం!" అని పైకే అనేసింది.

కాసేపటికి నొబుయుకి గొంతు సవరించుకున్నాడు. "అయితే బావా, ఆ పెద్దది ఇక నీకెందుకు? పారెయ్యాలన్నా డబ్బు దండగ. పోనీ, నీ బరువు నేను మోస్తాలే. వీధి సద్దుమణగక ముందే ఎక్కించుకుపోతాను."

షిగెహారు తలూపి వైర్లు పీకాడు. అపురూపంగా మోసుకొచ్చిన టీవీని, మేజోళ్లు అతికించిన స్పీకర్లతో సహా, తనే మోసి బావగారి వ్యానులోకి ఎక్కించాడు. ఆయన శ్రమ తీసుకుంటున్నందుకు తోకికో ఒక పెట్టె కమలాపళ్లు కూడా చేతిలో పెట్టింది. షిగెహారు నడుం వంచి థాంక్స్ చెప్పాడు.

"వచ్చే ఏడు మా ఇంటికి రండి. టీవీ అంటే ఎలా ఉంటుందో చూద్దురుగాని," అని కేకేసి నొబుయుకి వ్యాను కదిలించాడు.

లోపలికొచ్చాక తోకికో భుజాలు అదరడం మొదలైంది. షిగెహారు గబగబా దగ్గరికెళ్లాడు.

"ఏడవకే. నా చేతకానితనమే ఇదంతా. పోయినేడూ నా వల్లే వంటింట్లో కూర్చుని ఏడ్చావు."

"ఏడవడమా?" తోకికో తలెత్తింది. నవ్వి నవ్వి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. "అన్నయ్య ఇంట్లోనూ మనలాగే బొటాబొటి కరెంటేనండీ. నేను పుట్టి పెరిగిన ఇల్లు కాదూ? అమ్మ అన్నం కుక్కరు పెడితే హీటరు ఆపుకునేవాళ్లం. పిసినారి, ఇప్పటికీ పెంచుకోలేదు."

"మరి చెప్పలేదేం?"

"అడగలేదుగా."

"మరి పోయినేడు..."

"పోయినేడు ఆ పాడేవాడు రెక్కల చొక్కా వేసుకుని అచ్చం ఈగలాగే ఉన్నాడు. వదిన ముందు పడీపడీ నవ్వితే బాగుండదని వంటింట్లోకి పారిపోయాను." కళ్లు తుడుచుకుంది. "అదీ మీరు అడగలేదు."

షిగెహారు కోటు విప్పాడు. తర్వాత కొతాత్సు కిందికి కాళ్లు చాపి, చిన్న టీవీ మీదికి వంగి చూశాడు. ఎవరో పెద్ద గాయకుడు కన్నీళ్లు పెట్టుకుంటూ పాడుతున్నాడు, ఈగంత ఉన్నాడు.