నలభై ఒక్క గిన్నెలు

ట్రెంట్ చనిపోయిన వారంలో వాళ్లమ్మ రోండా ఇంటికి నలభై ఒక్క గిన్నెలు వచ్చాయి. అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలో ఆ మూల ఊళ్లలో నోరు తెరిచి పరామర్శించడం ఎవరికీ చేతకాదు. కోడిమాంసం, నూడుల్స్, చీజ్ కలిపి గాజు గిన్నెలో వండి, తెచ్చి గుమ్మంలో పెట్టి, టోపీ సర్దుకుని వెళ్లిపోతారు. గిన్నె అడుగున తెల్ల టేపు మీద పేరు రాసి ఉంటుంది. తిని, కడిగి, తిరిగి ఇమ్మని అర్థం. రోండా తిననూ లేదు, తిరిగి ఇవ్వనూ లేదు. పాచిపోయినవి పారబోసి, గిన్నెలు కారు షెడ్డులో పడేసింది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అవి అక్కడే ఉన్నాయి.

కొడుక్కి పదహారేళ్లు. మండుటెండలో ఫుట్‌బాల్ ప్రాక్టీసు చేస్తూ మైదానంలోనే కుప్పకూలాడు. దగ్గర్లో తొట్టెడు ఐసు నీళ్లుండి, వెంటనే అందులో దించి ఉంటే దక్కేవాడేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' రోండాను పట్టుకుని వదల్లేదు.

స్కూలు బోర్డు సమావేశానికి వెళ్లి రెండే అడిగింది. మైదానంలో ఒక ఐసు తొట్టె పెట్టండి. ఎండ మితిమీరితే ప్రాక్టీసు ఆపే అధికారం కోచ్‌కి కాక ఇంకొకరికి ఇవ్వండి. అక్కడ ఊరివాళ్లకి మాట్లాడేందుకు ఇచ్చేది మూడు నిమిషాలు. గంట మోగింది. బోర్డు అధ్యక్షుడు గ్యారీ "థాంక్స్ రోండా" అని, స్కూలు బస్సుల టైర్ల సంగతి ఎత్తుకున్నాడు. అతను ట్రెంట్ శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. అప్పుడు ఏడ్చాడు కూడా, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆ ఊళ్లో దేవుడి తర్వాత ఫుట్‌బాల్, కొందరైతే ఆ వరసని కూడా ఒప్పుకోరు.

డిసెంబరులో రోండా బోర్డు సీటుకి గ్యారీ మీద నామినేషన్ వేసింది. ఏప్రిల్లో ఎన్నిక. ఓట్లు ఎలా అడగాలో తెలియదు. ఏ గుమ్మం ఎక్కాలన్నా ఒక వంక కావాలి కదా, షెడ్డులో గిన్నెలు కనిపించాయి. భర్త లైల్ కడిగాడు, ఆమె తుడిచింది. ఖాళీగా ఇవ్వడానికి చెయ్యి రాక ఒక్కోదాంట్లో డజను బిస్కెట్లు పెట్టి, పైన ఓటెయ్యమని తన పేరున్న చీటీ పెట్టింది. ఇల్లిల్లూ తిరిగింది.

"ఇది మా గిన్నె కాదమ్మోయ్! ఇంత తళతళలాడితే మా ఆవిడ గిన్నె ఎలా అవుతుంది?" అన్నాడు ఒకాయన నవ్వుతూ. చీటీ చూశాక నవ్వు ఆపి, వర్షాల సంగతి మాట్లాడాడు.

ట్రెంట్‌కి అక్షరాలు దిద్దించిన ముసలి టీచరు నెల్డా మాత్రం మొహం చాటెయ్యలేదు.

"లోపలికి రా తల్లీ, చలిలో నిలబడతావేం?"

"మిస్ నెల్డా, నాకు ఓటేస్తారా?"

నెల్డా గిన్నెని ఒళ్లో పెట్టుకుంది. "ఏడవాలంటే రా, రోజంతా పక్కన కూర్చుంటా. వండి పెట్టమన్నా పెడతా. ఓటు మాత్రం అడక్కే."

"ఎందుకండీ?"

"నీకు వేస్తే, ఆ పిల్లాణ్ణి మేమే పొట్టన పెట్టుకున్నామని ఒప్పుకున్నట్టు కదుటే. ప్రతి శుక్రవారం మ్యాచ్‌లో బెంచీలెక్కి అరిచింది మేమే. కోచ్‌ని భుజాల మీద ఊరేగించిందీ మేమే. ఈ వయసులో అది మొయ్యలేనమ్మా."

రోండాకి ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి లైల్ ముందు అంతా వెళ్లగక్కింది. అతను విన్నాడు. మర్నాడు వెళ్లి, ఒప్పుకున్న కొద్ది ఇళ్ల ముందూ ఆమె పేరున్న బోర్డులు పాతి వచ్చాడు. ఊరంతా అడిగిన మనిషి అతన్ని అడగలేదు. సొంత మొగుణ్ణి ఓటు అడిగేవాళ్లు ఎవరుంటారు?

ఎన్నిక ముగిసిన సాయంత్రం రేడియోలో చెప్పారు. గ్యారీకి మూడు వందల ఎనభై ఎనిమిది, రోండాకి ఇరవై తొమ్మిది. తొట్టె లేదు, నియమం లేదు. వచ్చే ఆగస్టులో అదే ఎండ, అదే మైదానం, వేరేవాళ్ల పిల్లలు.

పొద్దున్నే లైల్ ధాన్యం గోదాముకి పనికి వెళ్లబోతూ, ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"రోండా, నీకు ముప్ఫై రావాల్సింది."

"అంటే?"

"నేను వెయ్యలేదు. కాగితం మీద నీ పేరు చూశాను. చెయ్యి ఆడలేదు."

ఆమె కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"ఆవేళ పొద్దున వాడు తల పగిలిపోతోంది నాన్నా, ఇవాళ మానేస్తానన్నాడు. నువ్వప్పటికే డ్యూటీకి వెళ్లావు. నేనే... మగాడివి కాదట్రా, బండెక్కు అన్నాను. కోచ్ ఆపలేదని నువ్వు ఊరంతా చెప్తున్నావు. కోచ్ కంటే ముందు ఆపాల్సినవాణ్ణి నేను."

ఎనిమిది నెలలుగా కోచ్ కోసం దాచుకున్న కోపమంతా రోండా గొంతు దాకా వచ్చింది. అరవాలనుకుంది. గిన్నెలు కడుగుతూ తన పక్కనే నిలబడి ఈ మాట కడుపులో దాచుకున్న మనిషిని వెళ్లగొట్టాలనుకుంది. కానీ ఆ పొద్దున తాను కొడుకు గొంతు వినలేదు. వాడు లేవకముందే వెళ్లిపోయింది.

"నువ్వలా అంటే వాడేమన్నాడు?" అంది.

"రోండా..."

"ఏమన్నాడో చెప్పు."

"'సరే నాన్నా' అన్నాడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు."

ఆమె కుర్చీ అతని దగ్గరికి లాక్కుంది. "మళ్లీ చెప్పు. వాడన్నట్టే చెప్పు."

లైల్ 'సరే' అన్నాడు. రెండో మాట అతని నోట రాలేదు.