సోఫియా పంపిన కబుర్లు

గౌతమి పని దొంగ ఖాతాలను పట్టుకోవడం. కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానా వెనక వీధిలో, మేడమీద గదిలో లాప్‌టాప్ పెట్టుకుని, విశాఖపట్నం కంపెనీ ఒకటి అప్పగించిన ఈ పని రెండేళ్లుగా చేస్తోంది. యాప్ పేరు టింకో. ఫొటోలు, పోస్టులు, లైకులు అన్నీ మామూలే గాని, ఇందులో లైకుతో పాటు చిటికెడు క్రిప్టో కాయిన్ కూడా అవతలి మనిషికి వెళుతుంది. దానికి ఒక చిన్న మాట జత చేయొచ్చు. ఎవరి వాడకం వింతగా ఉన్నా సిస్టమ్ పసిగట్టి గౌతమికి పంపుతుంది. దొంగదైతే ఆమె మూసేస్తుంది.

ఆ మంగళవారం వచ్చిన ఖాతా పేరు సోఫియా లిన్. సింగపూర్ హోటళ్లలో భోజనాలు, ఈత కొలను, ఖరీదైన గడియారం. మగవాళ్లతో తీయగా మాట్లాడి, పెట్టుబడి పెట్టమని ఒక వెబ్‌సైట్‌కు పంపడం. ఇలాంటివి గౌతమి రోజుకు ఇరవై చూస్తుంది. మూసేయబోతూ ఆగింది. సిస్టమ్ పట్టుకున్నది ఆ తీపి మాటలను కాదు.

సోఫియా రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకే ఖాతాకు ఒక్క పైసా కూడా చేయని కాయిన్ పంపుతోంది. అరవై ఒక్క రోజులుగా. అవతలి ఖాతాను మాత్రం నెలల తరబడి ఎవరూ తెరవలేదు. కాయిన్‌తో వెళ్లిన మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఏ భాషో తెలియదని సిస్టమ్ రాసింది. గౌతమికి తెలుసు.

"రాణీ, ఒక్క పాలి సూడే. నాను బాగోనేదు. అమ్మకి సెప్పకు."

ఉద్యోగాలని చెప్పి మన జిల్లా కుర్రాళ్లను విదేశాలకు తీసుకుపోయి, గదుల్లో బంధించి, ఇలాంటి మోసాలు చేయిస్తున్నారని ఆమె పేపర్లో చదివింది. చదివి పేజీ తిప్పేసింది. ఇప్పుడు ఆ గదిలోంచి ఒకడు ఆమె ముందే మాట్లాడుతున్నాడు. ఖాతా మూసేస్తే ఆ దారి పోతుంది. పైగా ఖాతా పోగొట్టినందుకు వాణ్ని ఏం చేస్తారో.

సాయంత్రం టీమ్ లీడర్ ఉమామహేష్ ఫోన్ చేసి, సోఫియాను ఇంకా ఎందుకు మూయలేదని అడిగాడు. ఇంకొంచెం ఆధారం కావాలని గౌతమి అబద్ధం చెప్పింది. వారం దాటకూడదన్నాడు.

ఆ కబుర్లు అందుకుంటున్న రాణి ఖాతాలో ఉన్నది ఒక్క ఫొటో. పడవ, దాని పక్కన ఒక అమ్మాయి, పడవ మీద రాసిన ఊరి పేరు, భావనపాడు. మర్నాడు పొద్దున్నే గౌతమి బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లను అడిగితే ఇల్లు చూపించారు. తండ్రి ఎల్లాజీ వేటకు పోయి ఉన్నాడు. తల్లి దాలమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది. రాణి, ఇరవై ఏళ్ల పిల్ల, గుమ్మంలోకి వచ్చింది.

కబుర్ల సంగతి గౌతమి వెంటనే చెప్పలేదు. పంపినవాడి పేరు ఆమెకింకా తెలియదు. బయటిదేశంలో మీవాళ్లెవరైనా ఉన్నారా అని మాత్రం అడిగింది. దాలమ్మ చేతులు ఆగిపోయాయి. కొడుకు చిరంజీవి బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడని, రెండు నెలల కిందట ఫోన్ చేశాడని చెప్పింది.

"బాగున్నానన్నాడు. కాని మీరు తిన్నారా అనడిగినాడమ్మా. నన్ను, ఆడి అమ్మని, మీరంటాడేటి? ఎవడో పక్కన నిలబడి సూత్తన్నాడని ఆ రోజే అనుకున్నాను. ఈల్లు నమ్మనేదు."

అప్పుడు గౌతమి టింకోకు వస్తున్న కబుర్ల సంగతి చెప్పింది. ఆ యాప్ అన్నే పెట్టించాడనీ, రెండు రోజులు చూసి వదిలేశాననీ రాణి చెప్పింది. వెతికి వెతికి పాస్‌వర్డ్ పట్టుకుంది. అరవై రెండు కబుర్లు వరసగా తెరుచుకున్నాయి. మొదటిది చదివి రాణి ఫోన్ గుండెకు ఆనించుకుంది.

"సదువు," అంది దాలమ్మ.

"అమ్మా, నీకు సెప్పొద్దన్నాడు."

"ఆడు సెప్పొద్దంటే నాను ఇననా? సదువు. ఆపకు."

రాణి చదివింది. పాస్‌పోర్టు లాక్కున్నారు. థాయ్‌లాండ్ సరిహద్దు దాటించారు. రోజుకు పదహారు గంటలు ఆడదానిలా మాట్లాడాలి. చాట్‌లన్నీ చూస్తారు, లైకులతో పోయే మాటలు మాత్రం ఎవరూ చూడరు. ఒకరోజు కరెంటు తీగతో కొట్టారు. ఒకరోజు ఉత్త "రాణీ" అని ఉంది. దాలమ్మ ఏడవలేదు. చదవడం అయ్యాక, ఆడికి మనం ఉన్నామని ముందు తెలియాలి అంది. ఎవరైనా చూసినా అనుమానం రాకుండా, రాణి ఒక లైకుతో రెండే మాటలు పంపింది. "సూసినాం. ఎక్కడ?"

జవాబు మర్నాడు ఒంటిగంటకు వచ్చింది. పొద్దు నది మీంచి పొడుస్తుంది, అవతలి ఒడ్డున బంగారు రంగు గుడి, మేడ మీద నాలుగు ఎర్ర నీళ్ల టాంకులు, నాలుగో అంతస్తులో తెలుగువాళ్లం ఎనిమిదిమంది. గౌతమి వెళ్లి చెబితే, శ్రీకాకుళంలో సైబర్ కేసులు చూసే ఎస్సై మల్లేశ్వరరావు అన్నీ రాసుకున్నాడు. ఎంబసీకి పంపుతామని, పది రోజులైనా పట్టొచ్చని, అందాకా ఖాతా మూయొద్దని చెప్పాడు.

ఇక గౌతమికి మిగిలింది కాపలా. సోఫియా చాట్‌లు రోజూ చూసేది. శనివారం నాడు ఒక చాట్‌ను రెండుసార్లు చదివింది. నాగపూర్‌లో రిటైరైన ఒక మాస్టారు, భార్య పోయి ఒంటరిగా ఉన్నాయన, సోఫియా మాటలు నమ్మి ఇల్లు అమ్మేశాడు. ఆ డబ్బంతా టింకో కాయిన్లుగా మార్చి సోమవారం వెబ్‌సైట్‌లో వేస్తానని రాశాడు. సోఫియా పేరుతో ఆ తీపి జవాబులు టైపు చేస్తున్నది చిరంజీవే.

తనిఖీ పేరుతో ఆయన డబ్బును కదలనివ్వకుండా ఆపి, ఇది మోసమని ఆయనకు కబురు పంపే అధికారం గౌతమికి ఉంది. ఆపితే ఆ నష్టానికి జవాబు చెప్పుకోవలసింది చిరంజీవి. ఆపకపోతే ఆ ముసలాయన నడివీధిలో నిలబడతాడు. ఆదివారమంతా ఆమె అన్నం ముట్టలేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే తన బరువు వాళ్ల నెత్తిన పెట్టినట్టవుతుంది అనుకుంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆపేసింది.

ఆ రోజు ఒంటిగంటకు కబురు రాలేదు. మర్నాడూ రాలేదు. రాణి గంటకోసారి ఫోన్ చేసి, వచ్చిందా అక్కా అని అడిగేది. రెండో రోజు సాయంత్రం గౌతమి ఇక దాచలేక, దాలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది.

దాలమ్మ అంతా వింది. తర్వాత మెల్లగా అంది.

"ఆ ముసిలాయన డబ్బు పోతే మల్లీ వొచ్చును. మా గుంటడు పోతే నువ్వు తెత్తావా?"

ఫోన్ పెట్టేసింది.

ఆ వేళే ఉమామహేష్ ఫైలు తెరిచాడు. ఖాతా ఎందుకు బతికుంది, ఎవరి డబ్బో ఎందుకు ఆగింది అని నిలదీశాడు. ఇక అబద్ధం చెప్పే ఓపిక లేక ఆమె అంతా చెప్పేసింది. అతను విని, టింకో వాళ్లకు ఇవన్నీ పట్టవని, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని అన్నాడు. కొంచెం ఆగి, రేపట్నుంచి మూడు రోజులు తాను సెలవులో ఉంటానని, ఫైలు తన పేరు మీదే పడి ఉంటుందని, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని చెప్పాడు.

ఆ సెలవు మూడో రోజు మధ్యాహ్నం మల్లేశ్వరరావు ఫోన్ చేశాడు. అక్కడి పోలీసులు మేడ మీద దాడి చేశారు. ముప్పై ఒక్కమంది బయటపడ్డారు. నాలుగో అంతస్తులో ఉండాల్సిన ఎనిమిదిమందిలో ఒక్కడే దొరికాడు. మిగతావాళ్లను ముందురోజే వ్యానులో ఎక్కడికో తరలించారట. దొరికినవాణ్ని కింద సామాన్ల గదిలో తాళం వేసి ఉంచారు. సోమవారం నుంచి తిండి లేదు. ఆ గదిలో ఉండబట్టే వాణ్ని వ్యాను ఎక్కించడం మరిచారు. పేరు చిరంజీవి.

గౌతమి వెంటనే రాణికి ఫోన్ చేసి చెప్పింది. ఆ డబ్బు ఆపడం తాను చేసిన మేలో, చేసిన కీడో ఆమెకు తెలియలేదు.

పద్దెనిమిది రోజుల తర్వాత అతను పలాస స్టేషన్‌లో దిగాడు. ఎడమచేతి రెండు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. దాలమ్మ కొడుకును వదిలి, దూరంగా నిలబడ్డ గౌతమి దగ్గరకు వచ్చింది. చెయ్యి పట్టుకుని తమతో పాటు ఆటో ఎక్కించింది.

ఇంట్లో అందరూ కూర్చున్నాక, మాస్టారి డబ్బు ఆపింది తానేనని గౌతమి చెప్పింది. చిరంజీవి తల దించుకున్నాడు.

"ఆపీమని నానే రాద్దామనుకున్నానండి," అన్నాడు. "భయమేసి రాయనేదు."

తర్వాత, టింకోలో ఇంకా చూడగలరా అని అడిగాడు. పోయిన వారమే తన ఉద్యోగం పోయిందని, కాని ఎస్సైగారు ఏ ఖాతానైనా కంపెనీ నుంచి అడిగి తెప్పించుకోగలరని గౌతమి చెప్పింది.

"అయితే రాసుకోండి. ఆ ఏడుగురి ఖాతాల పేర్లూ నాకు తెలుసు."

రాణి నోటుపుస్తకం తెచ్చింది. చిరంజీవి కళ్లు మూసుకుని ఒక్కొక్క పేరే చెప్పసాగాడు. ఎమిలీ, గ్రేస్, జెస్సికా. ఒక్కో పేరు వెనక ఉన్న కుర్రాడి ఊరేదో కూడా చెబుతూ వచ్చాడు. గౌతమి రెండూ పక్కపక్కన రాసుకుంది.