రోజూ మర్చిపోయే నంబరు

"నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తానమ్మా ఈ నంబరు" అంటూ మామయ్య నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి రెండు చూపుడువేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో చుక్క దగ్గరా ఆగి, అది పారిపోతుందేమో అన్నట్టు తెర మీద వేలితో అదిమాడు. సేవ్ నొక్కాడు. మరుక్షణం స్కాన్ సెంటర్ మొత్తానికి ఇంటర్నెట్ పోయింది.

రిసెప్షన్ అక్క కౌంటర్ మీంచి తొంగిచూసింది. "మళ్ళీ రూటర్ నంబరే మీ కంప్యూటర్‌కీ పెట్టేశారా మామయ్యా? రెండూ కొట్టుకుని నెట్ పోయింది!"

"అయ్యో, కింద గడిలో ఉండాల్సిన రూటర్ నంబరు పైన నా గడిలో పడిందమ్మా."

ఆ సెంటర్‌లో పనిచేసే మాలో ఎవరికీ ఆయన మామయ్య కాదు. రిపోర్టులు టైప్ చేసే ఉద్యోగి. కాలు విరిగి స్కాన్‌కి వచ్చినవాళ్ళు, కాలు అతుక్కున్నాక నడిచొచ్చి రిపోర్టు తీసుకెళ్ళేవారు, అంత వేగం. కళ్ళజోడు బరువుకి చొక్కా జేబులన్నీ సాగి వేలాడేవి.

ఆయన కంప్యూటర్‌కి నెట్‌వర్క్‌లో దాని చిరునామా లాంటి ఆ నంబరు చేత్తోనే ఇవ్వాలి. ఆటోమేటిక్‌లో ఉంటే రూటర్ తనకు తోచిన నంబరు తగిలిస్తుంది. స్కాన్ మిషన్ ఆ కంప్యూటర్‌ని గుర్తుపట్టక బొమ్మలు పంపడం మానేస్తుంది. ఒకసారి ఇస్తే చాలు, ఉండిపోవాలి. ఉండేది కాదు. సాయంత్రం సరిగ్గా ఉన్నది పొద్దున్నే ఆటోమేటిక్‌లో కూర్చుని ఉండేది. "నిన్న సేవ్ నొక్కానా, నొక్కాననుకున్నానా?" అని మామయ్య తన వేలినే అనుమానంగా చూసుకునేవాడు.

ఆ రోజు ఉద్యోగంలో ఆయనకి ఆఖరి రోజు. మోకాళ్ళ నొప్పుల వల్ల మానేస్తున్నానని అందరికీ చెప్పాడు.

"మీరు మోకాళ్ళతో టైప్ చేస్తారా ఏంటి?" అంది అక్క.

ఆయన గొంతు తగ్గించాడు. "మతి జారిపోతోందమ్మా. రేపు ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇచ్చేస్తే? అంతదాకా రాకముందే తప్పుకుంటాను." ఈ మాట అక్క నాకు తర్వాతెప్పుడో చెప్పింది.

సాయంత్రం ఆఖరి రిపోర్టు తీసి, కీబోర్డుని చేతిరుమాలుతో తుడిచి, కుర్చీని లోపలికి జరిపి వెళ్ళిపోయాడు. నేను ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రేపు వచ్చే కొత్తమ్మాయికి కూడా మన సెంటర్ రుచి చూపించాలి కదా! సెట్టింగ్స్ తెరిచి ఆటోమేటిక్ నొక్కాను.

"అల్లుడూ, కళ్ళజోడు మర్చిపోయి..."

వెనకాల మామయ్య. తెర చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తెర చూశాడు.

"రోజూ నువ్వేనా?"

"నేనే మామయ్యా. మీరు వెళ్ళాక మార్చేవాణ్ణి. ఊరికే, సరదాకి."

చెంప పగులుతుందనుకున్నాను. ఆయన నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేశాడు. "అంటే నేను సేవ్ నొక్కాను! రోజూ నొక్కాను! బతికించావురా వెధవా!"

లేని మోకాళ్ళ నొప్పి లేనట్టే మెట్లు దిగాడు. కింద నుంచి ఇంటికి ఫోన్ చేస్తున్న గొంతు వినిపించింది. "ఇదిగో, విన్నావా? నాకేం కాలేదు!"

ఆటోమేటిక్‌కి మార్చింది నేనే, ఒప్పుకున్నాను. కానీ పొద్దున రూటర్ నంబరు పై గడిలో పెట్టింది నేను కాదు. ఏది తీసుకెళ్దామని వెనక్కొచ్చాడో ఆ కళ్ళజోడు ఇంకా కీబోర్డు పక్కనే ఉంది. ఒట్టు, దాన్ని నేను దాచలేదు.