భయం లేదుగా?

పద్దెనిమిది అంతస్తుల మేడ డాబా మీద నిలబడి ఆ ఉదయం నేను నవ్వుతున్నాను. నోరు పిడచకట్టుకుపోయింది, అరచేతుల్లో చెమట ఆగడం లేదు, అయినా నవ్వుతున్నాను. మేకపోతు గాంభీర్యానికి పోటీలు పెడితే మొదటి బహుమతి నాదే.

మాది అద్దాలు తుడిచే పని. ఇనప తొట్టెలాంటి ఊయలలో ఇద్దరం నిలబడి, మేడ బయటివైపు పైనుంచి కిందికి దిగుతూ అద్దాలు కడుగుతాం. ఊయల తాళ్లు డాబా మీది రెండు ఇనప దూలాలకు వేలాడతాయి. దూలం ముందు కొస పిట్టగోడ దాటి గాలిలోకి ఉంటుంది. వెనక కొస లేవకుండా దాని మీద సిమెంటు దిమ్మలు పేరుస్తాం. నడుముకి బెల్టులైతే ఉన్నాయి గానీ, వాటి తాళ్లూ ఆ దూలాలకే కడతాం. అంటే అన్నిటికీ ఆ దిమ్మలే దిక్కు.

మొన్నటిదాకా మా ముఠాకి పెద్ద మా మామయ్య, అంటే మా ఆయన నాన్న. ఆ మేడ మీద దూలాలకి చోటు లేక తాళ్లు పిట్టగోడ మీంచే వేశాం; అంచుకి తాడు రాసుకుని తెగి ఊయల ఒరిగిపోవడంతో, బెల్టు పెట్టుకోని ఆయన కింద పడ్డారు. అప్పటికి మొదటి అంతస్తు దాకా దిగారు కాబట్టి తుంటి ఎముకతో పోయింది. ఇప్పుడు కింద కుర్చీ వేసుకుని, చేతికర్రా వాకీటాకీ పట్టుకుని, మా కింద ఎవరూ నడవకుండా కాపలా కాస్తున్నారు. పెద్దరికం నా నెత్తిన పడింది.

దాంతోపాటు ఆయన ఆనవాయితీ కూడా వచ్చింది. దిగేముందు పెద్ద ఒక్కొక్కరి వీపు చరిచి "భయం లేదుగా?" అనాలి. వాళ్లు గట్టిగా "లేదు!" అనాలి. అంతే, ఇక దిగడమే. దిమ్మలు లెక్కపెట్టడం, దూలం కుదిపి చూడటం ఉండకూడదు. "పెద్ద అవన్నీ తడుముతుంటే దిగేవాళ్ల గుండె జారుతుందమ్మాయ్. నువ్వు ధైర్యంగా కనిపించు, చాలు," అని నాకు నేర్పారు. కనిపించడం నేర్చుకున్నాను. ధైర్యం మాత్రం రాలేదు.

ఆ రోజు నాతో దిగాల్సింది మా మరిది. నోరు మూతపడదు కాబట్టి అందరూ వాణ్ణి రేడియో అంటారు. పొద్దుటి నుంచీ రేడియో మోగడం లేదు. పెట్టుకున్న బెల్టు తీసి మళ్లీ పెట్టుకుంటున్నాడు. వాడి కూతురికింకా అడుగులు కూడా రాలేదు. వాడి వీపు చరిచాను. చొక్కా తడిసి ముద్దయి ఉంది.

"భయం లేదుగా?"

"లేదు!" అన్నాడు, నా మొహం వైపు చూడకుండా.

ఊయలలో ఒక కాలు పెట్టాను. గాలికి అది ఊగి గోడకి ఠంగుమని తగిలింది. కింద మామయ్య కుర్చీ అగ్గిపెట్టెంత ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో కాలు లేవనంటోంది.

"ఏంటమ్మాయ్ ఆలస్యం?" వాకీటాకీలో మామయ్య. "మేడ మేనేజరు ఇక్కడ నా ప్రాణం తోడేస్తున్నాడు. దిగండి."

దిగుతున్నాం అని చెప్పడానికే మీట నొక్కాను. మరిదిని చూడగానే నోట్లోంచి వచ్చింది వేరే.

"ఒరేయ్, నాకు భయంగా ఉందిరా. చాలా భయంగా ఉంది."

రేడియో నన్ను వింతగా చూశాడు. 

"నాక్కూడా వదినా. నిన్న సాయంత్రం నేను ముందు పైకెక్కేశాను కదా, నువ్వింకా ఊయలలోనే ఉన్నావు. అప్పుడు ఆ ఎడమ దూలం వెనక కొస లేచింది. చెయ్యి దూరేంత."

డాబా మీద తాళ్లు చూసుకునే మనిషి, మేం నిచ్చెన అని పిలిచేవాడు, ఒక్క పరుగున వెనక్కి వెళ్లాడు. "అక్కా! పది దిమ్మలుండాలి, ఆరే ఉన్నాయి!" అని అరిచాడు. మిగతా నాలుగూ నీళ్ల ట్యాంకు దగ్గర కనిపించాయి. ట్యాంకు బాగుచేసేవాళ్లు వాటిని మెట్టుగా వేసుకుని, పని అయ్యాక అక్కడే వదిలేశారు.

ఊయలలోంచి కాలు ఎలా తీశానో నాకే తెలియదు. గోడకి చేరగిలబడి కూలబడ్డాను. ఆ తర్వాత కోపం ముంచుకొచ్చింది.

"చూసి కూడా నోరెత్తవా? ఇవాళ నువ్వూ నాతో దిగేవాడివి కదరా, దద్దమ్మా!"

"రోజూ పొద్దున్నే 'లేదు' అనేశాక ఇంకేం చెప్పను?" వాడు ఏడుస్తున్నాడు. "నాన్న పడ్డ రోజూ ఇంతే. తాడు కింద వేసిన గోనెపట్టా జారిపోవడం చూశాను. అప్పటికే 'లేదు' అనేశాను. ఇప్పుడు చెబితే పిరికోడంటాడని ఊరుకున్నా."

అప్పుడు చూసుకున్నాను. భయానికి బిగుసుకుపోయిన నా బొటనవేలు ఇంకా వాకీటాకీ మీట మీదే ఉంది. ఈ మాటలన్నీ కిందికి వినిపించాయి. గబుక్కున వేలు తీశాను. 

"మరి నాకు చెప్పలేదేంరా?" అన్నారు మామయ్య.

రేడియో నా చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాడు. "నువ్వెప్పుడు అడిగావు నాన్నా? భయం లేదుగా అనే అడిగావు."

కొడుకు తండ్రితో అలా మాట్లాడటం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఏం ముంచుకొస్తుందోనని పిట్టగోడ మీంచి తొంగిచూశాను. మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చేతికర్ర కింద పడి ఉంది. తలెత్తి మా వైపే చూస్తున్నారు. అంత ఎత్తు నుంచి మొహం ఆనలేదు.

"ఇంకేం చూశావురా?" వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నారు. "ఇన్నేళ్లలో ఇంకేమేం చూశావో అన్నీ చెప్పు."

రేడియో మొదలుపెట్టాడు. పాత మేడ మీద తుప్పుపట్టిన కొక్కెం, వానలో జారిన ముడి, తనకి అప్పజెప్పిన చిరిగిన బెల్టు.  ఆ కొక్కేనికీ ఆ ముడికీ నేనూ వేలాడాను. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కింద నుంచి మేనేజరు కేకలు వినిపించాయి, ఇంకా దిగరేం, మీకు పని చేతకాదా అని. వాటి మీదుగా మామయ్య గొంతు వచ్చింది.

"నువ్వాగవయ్యా. మావాడు చెబుతున్నాడు."